మస్క్ డైసీ కొమ్మలు నాటే ముందు జాగ్రత్తలు

మస్క్ డైసీ (శాస్త్రీయ నామం ఒలేరియా ఆర్గోఫిల్లా) ఆగ్నేయ ఆస్ట్రేలియా తడి అడవుల మొక్క. కత్తెర పట్టే ముందు ఇవి చూసుకోండి.

• నేషనల్ పార్కులో కొమ్మ తుంచొద్దు. తోటలోని మొక్క నుంచి, అడిగి తీసుకోండి.

• బూట్లు, కత్తెర శుభ్రంగా కడగండి. వేరుకుళ్లు తెగులు మట్టితో పాటే పాకుతుంది.

• పూత లేని, సగం ముదిరిన కొమ్మే కావాలి. మరీ లేతదైతే కుళ్లిపోతుంది.

• అన్నిటికన్నా ముఖ్యం ఆకులు. అడుగున వెండిరంగు నూగుతో పెద్దగా ఉంటాయి, తడి త్వరగా ఆరిపోతుంది. కింది ఆకులు తీసేసి, పైవాటిని సగానికి కత్తిరించండి. అంత అందమైన ఆకును కోయడానికి మనసొప్పదు, అయినా కోయాల్సిందే.

• ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కుండీ, నీడపట్టు చోటు ముందే సిద్ధం చేసుకోండి.

• విత్తనాలైతే తాజావే తీసుకోండి. తాలువి చాలా ఉంటాయి, గోటితో నొక్కి చూడండి.