పాత బీటిల్‌ని మొత్తం విప్పకుండా బాగుచేసుకోవడం

పాత కారు కొన్నవాళ్లు నన్ను మొదట అడిగేది పెయింట్ గురించే. అది చివర్లో అంటాను. ముందు బండి సరిగ్గా ఆగాలి, తర్వాత సరిగ్గా నడవాలి, తర్వాత తుప్పు ఆగాలి. అందం వీటన్నిటి తర్వాత.

నాది 1968 ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు, 1300 సీసీ ఇంజన్. నా చేతికొచ్చి పదకొండేళ్లయింది. అందులో మొదటి మూడేళ్లు అది డబ్బాల్లో సర్దిన సామాను. కొన్న ఉత్సాహంలో రెండు వారాంతాల్లో తలుపులు, మడ్‌గార్డులు, సీట్లు, వైరింగ్, ఇంజన్ అన్నీ విప్పేశాను. తిరిగి బిగించేనాటికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తులేదు. పక్కన పెట్టిన బ్రేక్ డ్రమ్ములకు తుప్పు పట్టింది, కొత్తగా కొన్న రబ్బర్లు వాడకుండానే గట్టిపడ్డాయి. ఆ మూడేళ్లూ మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను. బండిని నాలుగు చక్రాల మీద, కదిలే స్థితిలో ఉంచుకుంటూ ఒక్కో పని పూర్తి చేయండి. బ్రేకులు మొదలుపెడితే అవి అయ్యేదాకా ఇంకోదాని జోలికి వెళ్లకండి. విప్పే ముందు ఫోటో తీయండి. విప్పిన నట్లు కవర్లో వేసి, అవి ఎక్కడివో మార్కర్‌తో రాయండి. మీది వేరే బండైనా ఈ వరుస మారదు, అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్లోవి తీసుకోండి.

ఇంజన్ స్టార్ట్ చేయకముందే చూడాల్సింది పెట్రోల్ పైపు. బీటిల్ ఇంజన్ వెనకుంటుంది, ట్యాంకు ముందుంటుంది. మధ్యలో ఇనుప గొట్టం, రెండు చివర్లా రబ్బరు పైపులు. ఆ రబ్బరు పైన అల్లిన దారం ఉంటే లోపలి పగుళ్లు కనపడవు. వంచి చూడండి, గట్టిగా ఉన్నా, పెట్రోల్ వాసన వచ్చినా మార్చేయండి. బాగానే కనపడినా, ఎప్పుడు వేశారో తెలియకపోతే మార్చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు తట్టుకోదు, అందుకు పనికొచ్చే పైపే అడిగి తీసుకోండి. చాలామంది పెట్రోల్ ఫిల్టర్‌ని ఇంజన్ మీద, స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కనే వేలాడదీస్తారు. అక్కడ చుక్క కారితే నేరుగా నిప్పురవ్వ మీద పడుతుంది. ఫిల్టర్‌ని ఇంజన్ గదిలోంచి తీసి బయట, ట్రాన్స్‌మిషన్ దగ్గర పెట్టండి. ఈ ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమ లోహం. ఒకసారి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. రెండు మూర్ల రబ్బరు పైపు దగ్గర పొదుపు చేయకండి.

రెండో నిప్పు వెనక సీటు కింద ఉంటుంది. బీటిల్ బ్యాటరీ అక్కడే. దాని మీద మూత లేకపోతే, ఎవరైనా బరువైన మనిషి కూర్చోగానే సీటు స్ప్రింగులు టెర్మినల్‌కి తగిలి సీటులోని పీచు రాజుకుంటుంది. మూత దొరక్కపోతే మందపాటి రబ్బరు షీటు కోసి అయినా కప్పండి.

ఇక బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ తేమ బ్రేక్ సిలిండర్లను లోపల్నించి తింటుంది. రెండేళ్లకోసారి పాత ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది పోయాలి. సిలిండర్లూ డ్రమ్ములూ అందరూ చూస్తారు, చక్రాలకి ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోసులు ఎవరూ చూడరు. నాకు ముందు కుడి చక్రం పది కిలోమీటర్లు నడిపేసరికి కాలిపోయేది. వీల్ సిలిండర్ మార్చాను, తగ్గలేదు. ఇంకోటి వేశాను, అదీ అంతే. చివరికి హోసు తీసి చూస్తే పైకి నిగనిగలాడుతోంది, లోపల మాత్రం ఉబ్బి రంధ్రం సన్నని దారమంత అయింది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడికి ఆయిల్ వెళ్తుంది, వదిలేశాక వెనక్కి రాలేదు. అప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటుంది. అందుకే కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడడం అలవాటు చేసుకోండి, డ్రమ్ముని తాకకుండా. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ముందు ఆ హోసునే అనుమానించండి.

టైర్లకు గీతలు లోతుగా ఉన్నాయని మోసపోవద్దు. పక్క గోడ మీద చివర నాలుగంకెలు చూడండి. 2309 అని ఉంటే 2009లో 23వ వారం తయారైందని. అలాంటి టైరుతో హైవే ఎక్కకండి.

తుప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొన్న బండి నిలబడేదీ పోయేదీ అక్కడే. పెయింట్ మెరుపు చూడకండి, బండి కిందకి వెళ్లండి. జాకీ మీద కాదు, స్టాండ్లు పెట్టాకే దూరండి. చిన్న అయస్కాంతం, పాత స్క్రూడ్రైవర్ చాలు. అయస్కాంతం పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. బ్యాటరీ కింద ఫ్లోర్, తలుపుల కింద హీటర్ గాలి వెళ్లే పొడవాటి పెట్టెలు, ఈ రెండూ బీటిల్‌కి ఆయువుపట్లు. ఆ పెట్టెలు బాడీకి దూలాల లాంటివి. తలుపు మూసి దాని చుట్టూ సందు ఎంతుందో చూసుకోండి. తర్వాత ఆ పక్క జాకీ వేసి మళ్లీ చూడండి. సందు మారినా, తలుపు పట్టేసినా దూలం బలం పోయినట్టే.

దాన్ని మార్చేటప్పుడు రెండు పక్కలా ఒకేసారి కోయకండి. బాడీ ఫ్లోర్ మీద బిగించి ఉండగానే, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండోది. అలా చేయకపోతే బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు. వెల్డింగ్ మీకు రాకపోతే వచ్చినవాళ్లకే ఇవ్వండి, నేనూ అంతే చేశాను. కానీ కోసే ముందు కొలతలు మాత్రం మీరే తీసి రాసిపెట్టుకోండి. అయ్యాక పెట్టె లోపలికి పల్చటి మైనం స్ప్రే చేయాలి. తుప్పు మీదే నల్లటి తారు పూసి అమ్మే బండ్లుంటాయి. ఆ తారు కింద తేమ చిక్కుకుని రేకు ఇంకా త్వరగా పోతుంది. గీకి, తుప్పు తీశాక పూస్తేనే అది పనికొస్తుంది.

బండి ఆగుతోంది, కింద గట్టిగా ఉంది. ఇప్పుడు ఇంజన్. ఈ బండి మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన పని టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కి తెరిచే మీటకీ మధ్య సందు సరిచేయడం. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఆగిన బండి అయితే మంచిది. ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. డైనమో పుల్లీ నట్టుకి 21 నంబరు స్పానర్ వేసి తిప్పి, కింది పుల్లీ మీద గాటుని కేసు అతుకుకి ఎదురుగా తేవాలి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే రోటర్ ముక్కు దాని అంచు మీదున్న చిన్న గీతకి సూటిగా ఉండాలి. అంటే ఒకటో సిలిండర్ పైకొచ్చింది, రెండు వాల్వులూ మూసి ఉన్నాయి. సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.15 మిల్లీమీటర్ల రేకు తీసుకోండి. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పుతూ, రేకు లాగితే వెన్నలోంచి కత్తి తీసినట్టు కాస్త పట్టు తగలాలి. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, మళ్లీ కొలవాలి. బిగించేటప్పుడే సందు మారిపోతుంది, ఆ రెండో కొలత వదిలేస్తే చేసిందంతా వృథా. తర్వాత కింది పుల్లీని అర చుట్టు వెనక్కి, అంటే గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిప్పితే రెండో సిలిండర్, ఇంకో అర చుట్టుకి మూడోది, ఆపైన నాలుగోది.

చప్పుడు చేసే టాపెట్‌ని చూసి టెన్షన్ పడతారు. చప్పుడు లేనిదాన్ని చూసి పడాలి. సందు తగ్గిపోతే వాల్వు సరిగ్గా మూసుకోదు, తన వేడిని సీటుకి ఇవ్వలేక కాలిపోతుంది. ముఖ్యంగా మూడో సిలిండర్. 1971కి ముందు ఇంజన్లలో ఆయిల్ కూలర్ దాన్ని చల్లబరిచే గాలికి అడ్డుగా ఉంటుంది. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, ప్రతిసారీ సెట్ చేయకముందు ఒక్కో సందు ఎంతుందో అందులో రాస్తాను. ఒక ఎగ్జాస్ట్ వాల్వు సందు వరుసగా రెండుసార్లు తగ్గిందంటే ఆ వాల్వు సాగుతోంది, త్వరలో తల ఊడిపోతుంది. మూడో సిలిండర్లో నాకు అలా రెండుసార్లు తగ్గినట్టు పుస్తకంలో కనపడితే, హెడ్ దింపించాను. వాల్వు మెడ దగ్గర సన్నబడి ఉంది. పుస్తకం లేకపోతే అది దారి మధ్యలో విరిగి పిస్టన్‌లో దిగేది.

ఆయిల్ ప్రతి 5,000 కిలోమీటర్లకి మార్చాలి. రెండున్నర లీటర్లే పడుతుంది. ఈ ఇంజన్‌కి ఫిల్టర్ ఉండదు, జల్లెడ మాత్రమే, కాబట్టి వాయిదా వేయకండి. జల్లెడ పళ్లేనికి ఉండే ఆరు నట్లు చాలా సుతారంగా బిగించాలి. బలం చూపిస్తే మెత్తటి కేసులోంచి స్టడ్ మరతో సహా ఊడొస్తుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటుని కలుపుతూ తెంచే పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. అది పెట్టాకే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం చూడండి, గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకోమని చాలామంది చెప్తారు. అది మంచిదే, నేను మాత్రం పాయింట్లతోనే ఉన్నాను. దారిలో ఆగితే స్క్రూడ్రైవర్‌తో నేనే సరిచేసుకోగలను.

నెలల తరబడి వాడనప్పుడు రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాళ్లున్నారు. దానివల్ల ఇంజన్ వేడెక్కదు, సైలెన్సర్లో, ఆయిల్లో నీరు మాత్రం చేరుతుంది. అంతకంటే పదిహేను రోజులకోసారి అరగంట రోడ్డు మీద నడపండి. అది కుదరకపోతే ట్యాంకు నింపి, బ్యాటరీ వైరు తీసి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా చక్రాలకి దిమ్మలు పెట్టి వదిలేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే బ్రేక్ షూలు డ్రమ్ములకి అతుక్కుంటాయి.

ముందు డిక్కీలో నేనెప్పుడూ పెట్టుకునేవి ఇవి: ఫ్యాన్ బెల్ట్ ఒకటి, 21 నంబరు స్పానర్, పుల్లీ తిరగకుండా గాటులో దూర్చి పట్టుకోవడానికి పొడుగు స్క్రూడ్రైవర్, పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ పాతదొకటి, పాయింట్ల సెట్టు, మీటరు పెట్రోల్ పైపు, మంటలార్పే సిలిండర్. ఆ బెల్టే డైనమోనీ, ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాన్‌నీ తిప్పుతుంది. నడుస్తుండగా మీటర్లో ఎర్ర లైటు వెలిగితే ఇంటిదాకా వెళ్దామనుకోకండి. అక్కడే పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి, వెనక మూత ఎత్తి బెల్ట్ ఉందో లేదో చూడండి.