చిత్రాన్ని చదవడం – 3వ పాఠం: రంగును పట్టి ఉంచేది ఏది?

గత పాఠంలో ఛాయల గురించి, వెలుగునీడల గురించి చెప్పుకున్నాం. ఈసారి రంగు దేనితో తయారవుతుందో చూద్దాం. ప్రదర్శనలో చిత్రం పక్కనుండే చీటీ మీద పేరు, సంవత్సరం తర్వాత ‘కాన్వాసుపై తైలవర్ణం’, ‘చెక్కపై టెంపెరా’ వంటి చిన్న పంక్తి ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే ముందుకు సాగిపోతారు. నన్నడిగితే ఆ చీటీలో అన్నిటికంటే పనికొచ్చే పంక్తి అదే.

ఏ రంగులోనైనా ప్రధానంగా ఉండేవి రెండు. ఒకటి పిగ్మెంటు, అంటే మెత్తగా నూరిన రంగుపొడి. రెండోది ఆ పొడిని కాగితానికో, బట్టకో అంటిపెట్టుకుని ఉండేలా చేసే బంధకం. అల్ట్రామెరైన్ నీలాన్నే తీసుకోండి. ఆ పొడిని తుమ్మజాతి చెట్ల బంకతో కలిపితే నీటిరంగు అవుతుంది. అవిసె నూనెతో నూరితే తైలవర్ణం, గుడ్డు పచ్చసొనతో కలిపితే టెంపెరా. పొడి అదే, జిగురు మారింది, అంతే. దానితోపాటే రంగు ఆరే వేగం, మెరుపు, మందం, చివరికి చిత్రకారుడు కుంచె కదిపే తీరు కూడా మారిపోతాయి.

టెంపెరా నిమిషాల్లో ఆరిపోతుంది. తడి రంగులను ఒకదానిలో ఒకటి కలిపి నునుపు తేవడానికి వ్యవధి ఇవ్వదు. అందుకే ఆ చిత్రకారులు సన్నని కుంచెతో గీత పక్కన గీత పెట్టుకుంటూ చెంపల గుండ్రదనాన్ని సాధించేవారు. టెంపెరా చిత్రాన్ని బాగా పెద్దది చేసి చూడండి, చర్మం మీద దువ్వినట్టున్న సన్నని గీతలు చాలాచోట్ల దొరుకుతాయి.

అవిసె నూనె దారి వేరు. నీటిలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టి పొరగా మారుతుంది. పలుచని పూత చేతికి అంటకుండా ఆరాలన్నా రోజులు పడుతుంది, మందపాటి పూత లోపలిదాకా గట్టిపడటానికి నెలలు కావాలి. ఈ జాప్యమే చిత్రకారుడికి వరం. ఆరిన పూత మీద అద్దంలా పారదర్శకమైన పొరలు పరిస్తే దాన్ని గ్లేజింగ్ అంటారు. 1434లో యాన్ వాన్ ఐక్ వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రంలో ఆ పచ్చ గౌనుకున్న లోతు అలా వచ్చిందే. అంచులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియకుండా పొగలా కరిగించడం స్ఫుమాటో. మోనాలిసా పెదవుల కొసల దగ్గర గీత కోసం వెతికి చూడండి, దొరకదు. ఇక రంగును ముద్దలుగా పెట్టి కుంచె జాడలను అలాగే వదిలేయడం ఇంపాస్టో. వాన్ గో 1889 నాటి ‘స్టారీ నైట్’లో ఆకాశమంతా అదే. తైలవర్ణాలు వాడేవారు మరవకూడని నియమం ఒకటుంది: అడుగు పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ. తిరగేసి వేస్తే పై పొర ముందే బిగుసుకుని, అడుగున ఇంకా కదులుతున్న పొర మీద బీటలు వారుతుంది.

ఫ్రెస్కోలో వేరే జిగురే ఉండదు. నీటిలో కలిపిన రంగుపొడిని తడి సున్నపు పూత మీద వేస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతూ రంగును తనలో బంధిస్తుంది. పూత ఆరేలోగా పని ముగియాలి కనుక ఏ రోజుకు ఎంత వేయగలరో అంత మేరకే పూసేవారు. ఆ ఒక్క రోజు ముక్క పేరు జొర్నాటా. మైకెలాంజిలో 1508 నుంచి 1512 వరకు సిస్టీన్ చాపెల్ పైకప్పును ఇలాగే చిత్రించాడు. లియొనార్డోకు ఈ తొందర గిట్టలేదు. ‘ది లాస్ట్ సప్పర్’ను పొడి గోడ మీద తీరిగ్గా వేశాడు. ఆయన బతికుండగానే అది పెచ్చులూడటం మొదలైంది. గోడ మీద ఉన్న ప్రతి చిత్రాన్నీ ఫ్రెస్కో అనేయకండి. అజంతా చిత్రాలు కూడా ఆరిన పూత మీద జిగురు కలిపిన రంగులతో వేసినవే.

నీటిరంగుల సంగతి క్లుప్తంగా: అక్కడ తెలుపు అంటే వదిలేసిన కాగితమే. అదే కుటుంబంలో కింది పొరను కప్పేసే చిక్కని రకం గువాష్.

శైలులకూ సామగ్రికీ ఉన్న చుట్టరికం తెలియాలంటే 1841 గుర్తుంచుకోండి. ఆ ఏడాది అమెరికన్ చిత్రకారుడు జాన్ గోఫ్ రాండ్ రంగు నింపే తగరపు ట్యూబుకు పేటెంటు పొందాడు. అంతకుముందు కలిపిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో దాచేవారు, మూతికట్టిన సంచిని ఒకసారి పొడిస్తే మళ్లీ సరిగా మూయడం కష్టం. ట్యూబులొచ్చాక రంగులతో ఆరుబయట కూర్చుని, తడి మీద తడిగా ఒకే విడతలో చిత్రం ముగించడం తేలికైంది. ఈ పద్ధతిని అల్లా ప్రైమా అంటారు. 1874లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టిన ఇంప్రెషనిస్టుల (మారిపోయే వెలుగును అప్పటికప్పుడు పట్టుకోవాలని చూసిన చిత్రకారుల) చిత్రాల్లో ఆ వేగం కనిపిస్తుంది. ట్యూబు ఒక్కటే ఇంప్రెషనిజాన్ని పుట్టించిందనడం అతిశయోక్తే, కానీ అది లేకుండా ఆ చిత్రాలను ఊహించలేను.

అభ్యాసం: మందపాటి కాగితం మీద నీటిరంగు నీలంతో ఒక పట్టీ, ఆక్రిలిక్ నీలంతో మరో పట్టీ వేయండి. ఆరాక నీటిరంగు కాస్త వెలుస్తుంది, ఆక్రిలిక్ కాస్త ముదురుతుంది. ఇప్పుడు రెండింటినీ తడి కుంచెతో రుద్దండి. నీటిరంగు కరిగి కుంచెకు వస్తుంది. ఆక్రిలిక్ కదలదు, ఆరాక అది ప్లాస్టిక్ పొర. తర్వాత ఏదైనా మ్యూజియం వెబ్‌సైటులో నాలుగు చిత్రాలను చీటీ చదవకుండా పెద్దవి చేసి చూసి, ఏ మాధ్యమమో ముందు రాసుకుని, ఆపైన సరిచూసుకోండి. తప్పిన వాటిని చెరిపేయకండి, కాన్వాసు, చెక్క, కాగితం గురించిన నాలుగో పాఠంలో వాటితో పని ఉంది.