బయోకెమిస్ట్రీ మొదటి సెమిస్టర్: పెన్సిల్ పట్టుకుని చదవండి

నేను బయోకెమిస్ట్రీ ట్యుటోరియల్ క్లాసులు చెబుతుంటాను. కొత్తగా చేరినవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "ఇదంతా ఎలా గుర్తుపెట్టుకోవాలి?" నిజానికి కంఠస్థం చేయాల్సింది మీరు అనుకునేదానికన్నా చాలా తక్కువ. మిగతాది గీస్తూ చదివితే అర్థమైపోతుంది.

ఆ కంఠస్థం చేయాల్సినవాటిలో మొదటివి అమైనో ఆమ్లాలు. ఇరవైనీ పుస్తకం మూసి గీయగలగాలి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ప్రొటీన్ మడత పడటం, ఎంజైమ్ పనిచేయడం, అన్నీ వాటి సైడ్ చెయిన్ల (ఒక్కో అమైనో ఆమ్లానికీ వేరుగా ఉండే పక్క గుంపుల) మీదే ఆధారపడతాయి. వాటితోపాటే పీకేఏ విలువలూ (ఒక గుంపు సగం అణువుల్లో ప్రోటాన్‌ను వదిలేసి ఉండే పీహెచ్) రావాలి: ఆస్పార్టేట్, గ్లుటమేట్‌లకు సుమారు 4, హిస్టిడిన్‌కు 6, లైసిన్‌కు 10.5. పీహెచ్ పీకేఏ కంటే తక్కువైతే ప్రోటాన్ ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుంది, ఎక్కువైతే వదిలిపోతుంది. ఈ ఒక్క నియమంతో లైసిన్-గ్లైసిన్-ఆస్పార్టేట్ పెప్టైడ్‌కు పీహెచ్ 7 దగ్గర ఎంత చార్జ్ ఉంటుందో లెక్కేయండి. రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు పోయి సున్నా రావాలి. రాకపోతే పెప్టైడ్ రెండు చివరలనూ లెక్కలో కలిపారో లేదో చూసుకోండి.

ఇక గ్లైకాలసిస్, అంటే కణం గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి తీసుకునే దారి. నాకు చాలా ఇష్టమైన పాఠం ఇది. చాలామంది పది స్టెప్‌ల పేర్లూ వరసగా వల్లె వేస్తారు. దయచేసి అలా చేయకండి. ప్రతి స్టెప్ దగ్గరా ఆగి "ఇది ఎందుకు?" అని అడగండి. ఉదాహరణకు రెండో స్టెప్‌లో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌గా మారుతుంది. అణువుల సంఖ్య మారలేదు, ఏటీపీ (కణం శక్తికి వాడుకునే అణువు) ఖర్చు కాలేదు. మరి ఎందుకీ మార్పు? నాలుగో స్టెప్‌లో ఆల్డొలేజ్ అనే ఎంజైమ్ తెంచే బంధాన్ని చూడండి. కార్బొనిల్ (ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ ఉన్న కార్బన్) పక్క కార్బన్‌కూ, దాని తర్వాతి కార్బన్‌కూ మధ్య ఉన్న బంధమది. కార్బొనిల్ ఒకటో కార్బన్ మీదే ఉండిపోతే రెండు కార్బన్ల ముక్క, నాలుగు కార్బన్ల ముక్క వస్తాయి. రెండింటికీ వేర్వేరు దారులు కావాలి. కార్బొనిల్‌ను రెండో కార్బన్‌కు జరిపితే మూడు, మూడుగా విడిపోతుంది. ఆ రెండు ముక్కలూ ఒకదానిగా ఇంకొకటి మారగలవు కాబట్టి అక్కణ్ణుంచి ఒకే దారి సరిపోతుంది. ఇది కాగితం మీద కార్బన్లకు నంబర్లు వేసి మీ చేత్తో గీసి చూస్తే రెండో స్టెప్ ఇక మర్చిపోరు.

అక్కడి నుంచి ప్రతి లెక్కనూ రెండుతో గుణించాలి. ఏటీపీలు రెండు ఖర్చు, నాలుగు రాబడి, మిగిలేవి రెండు. ఎన్ఏడీహెచ్‌లు (ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువులు) రెండు. 1, 3, 10 స్టెప్‌లు కణంలో వెనక్కి తిరగవు. గ్లూకోజ్ తయారయ్యే గ్లూకోనియోజెనెసిస్ ఈ మూడు చోట్లా వేరే ఎంజైమ్‌లతో పక్కదారి పడుతుంది కాబట్టి రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఎంజైమ్ పేర్లను చూసి టెన్షన్ పడొద్దు, చేసే పని ఆ పేర్లలోనే ఉంటుంది. కైనేజ్ అంటే ఫాస్ఫేట్‌ను బదిలీ చేసేది. డీహైడ్రోజినేజ్ కనిపిస్తే దగ్గర్లో ఎన్ఏడీ లాంటి కోఎంజైమ్ (ఎంజైమ్‌కు సాయపడే చిన్న అణువు) ఉందేమో వెతకండి.

కైనెటిక్స్‌లో, అంటే ఎంజైమ్ చర్యల వేగం లెక్కల్లో, మైకేలిస్-మెంటెన్ సమీకరణాన్ని ఊరికే చూస్తూ కూర్చోకుండా అంకెలు పెట్టి చూడండి. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) గాఢత ఆ సమీకరణంలోని కేఎమ్ అనే స్థిరాంకంతో సమానమైతే వేగం గరిష్ఠంలో సగం. తొమ్మిది రెట్లైతే 90 శాతం. కాంపిటీటివ్ ఇన్హిబిటర్ (ఎంజైమ్‌లో చోటు కోసం సబ్‌స్ట్రేట్‌తో పోటీపడి అడ్డుకునేది) ఉంటే కేఎమ్ పెరిగినట్టు కనిపిస్తుంది, గరిష్ఠ వేగం మాత్రం మారదు, ఎందుకంటే సబ్‌స్ట్రేట్ బాగా ఎక్కువైతే ఇన్హిబిటర్‌ను పక్కకు నెట్టేస్తుంది. ఇన్హిబిటర్ ఉన్నప్పటి, లేనప్పటి గ్రాఫులు రెండింటినీ ఒకే అక్షాల మీద గీసి, పక్కనున్నవాళ్లకు వివరించి చెప్పండి.