తుఫాను కబురు రాకముందే ఇంటికి చేయాల్సిన పనులు

టీవీలో హెచ్చరిక వచ్చాక మన చేతిలో ఉండేది రెండు మూడు రోజులు. ఆ టెన్షన్‌లో కప్పు బిగించలేం, కాలవ బాగుచేయలేం, బియ్యం, కొవ్వొత్తులు కొనుక్కోవడమే మిగులుతుంది. కోస్తాకి అక్టోబరు, నవంబరు గండం నెలలు (1990లో మే నెలలోనే వచ్చిందనుకోండి), కాబట్టి ఇవన్నీ ఎండలున్నప్పుడే కానిచ్చేయండి.

ముందు మీ ఊరికి భయం గాలితోనా, నీళ్లతోనా తేల్చుకోండి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టనపెట్టుకుంది ప్రధానంగా ఉప్పెనే. 2014లో హుద్‌హుద్ విశాఖలో చెట్లనీ కరెంటు స్తంభాలనీ కూల్చింది గాలితో. పెద్దవాళ్లని అడిగితే నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ చూపించి మరీ చెప్తారు. ఉప్పెన వచ్చే చోటైతే ఇల్లు ఎంత గట్టిదైనా వదిలి వెళ్లాల్సిందే. తుఫాను షెల్టర్ దాకా ఒకసారి నడిచి చూడండి, దారిలో ఏ కల్వర్టు మునుగుతుంది, మంచం దిగలేని నాయనమ్మని ఎవరు మోస్తారు, ముఖ్యంగా ఆ షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంది? ఇది చాలామంది అడగరు.

ఇక కప్పు సంగతి. గాలి కప్పుని కిందికి నొక్కుతుందనుకుని రేకుల మీద రాళ్లు పెడతారు, అది అసలు పనికిరాదు, ఎందుకంటే పెద్ద గాలి కప్పుని పైకి లాగుతుంది, ఆ రాళ్లే ఎగిరి పక్కింటి మీద పడతాయి. రేకులకి మేకులు కాకుండా వాషర్లతో జె బోల్టులు (కింద కొక్కెంలా వంగి ఉండేవి) వేయించండి, అంచుల్లో, మూలల్లో, నడికొప్పు దగ్గర ఇంకా దగ్గరదగ్గరగా, గాలి లాగుడు ఎక్కువ ఉండేది అక్కడే. దూలాలని గోడకో స్తంభానికో ఇనుప పట్టీతో కట్టించండి. తుప్పు పట్టిన బోల్టు ఉన్నా లేనట్టే. తాటాకు ఇల్లయితే పైన తాళ్లు వలలా వేసి, నేలలో లోతుగా దిగేసిన గుంజలకి బిగించాలి.

ఇంటి మీదికి వాలిన చెట్టు కొమ్మలు కొట్టించండి, కరెంటు తీగలకి తగిలేవైతే మీరు చెయ్యి పెట్టకుండా లైన్‌మ్యాన్‌కి చెప్పండి. మురుగు కాలవలో గుర్రపుడెక్క తీయించడం ఒక్కరి వల్ల కాదు, గ్రామసభలో పట్టుబట్టాలి. ఒడ్డున ఇసుక దిబ్బలు తవ్వుతుంటే, మడ చెట్లు కొడుతుంటే కూడా అక్కడే అడగండి, అలల జోరు తగ్గించేవి అవే.

తుఫాను రోజు హఠాత్తుగా గాలి ఆగిపోయిందంటే అయిపోయిందని బయటికి రాకండి. అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.