మన కారు మనమే కడుగుదాం – 4వ పాఠం: గీత పడకుండా తడి తుడవడం

పోయిన పాఠంలో రెండు బకెట్లతో కారు కడగడం, షాంపూ నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు కొట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు కారు తడిగా, శుభ్రంగా మీ ముందుంది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని చేతికందిన గుడ్డతో గబగబా తుడిచేస్తారు. కొత్త కారు కొన్న ఏడాదికే ఎండలో బానెట్ మీద గుండ్రంగా సన్నగీతలు కనబడుతున్నాయంటే, వాటిలో చాలావరకు కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ పడినవే. అందుకే తుడవడానికి విడిగా ఒక పాఠం పెట్టాను.

ముందు గీత ఎలా పడుతుందో చూద్దాం. కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మనం చూసే మెరుపు దానిదే. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, ఖనిజాలను 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానం మీద 7. క్లియర్ కోట్ ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. గుడ్డ ఎంత మెత్తనిదైనా సరే, దానికీ పెయింటుకీ మధ్య ఒక్క రేణువు చిక్కి, పైనుంచి మన చెయ్యి నొక్కిందంటే గీత పడి తీరుతుంది. ఆ గీతను పాలిష్‌తో తీయొచ్చు కానీ, పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ పలుచని పొరలోనే కొంత అరిగిపోతుంది.

కాబట్టి తుడిచే వస్తువు ఏదైనా నేను చూసేవి ఇవి: మిగిలిపోయిన రేణువును తన పోగుల్లోకి లాక్కుంటుందా లేక పెయింటు మీదే ఈడుస్తుందా? గట్టిగా నొక్కకుండానే నీళ్లు పీలుస్తుందా? అంచుల్లో కుట్టు, లేబుల్ లాంటి గట్టివి ఉన్నాయా? ధర, బ్రాండ్ తర్వాతి సంగతి.

మన జిల్లాల్లో ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా గ్రానైట్ లారీల వెనక వచ్చిన కారు మీదా, కొత్తపట్నం, మైపాడు తీరాల్లో ఇసుకగాలికి నిలబెట్టిన కారు మీదా ఉండేది మామూలు దుమ్ము కాదు. ఎంత బాగా కడిగినా నంబర్ ప్లేటు చుట్టూ, తలుపు అంచుల కింద కాస్త మిగులుతుంది. తుడిచే గుడ్డ అలాంటి చోట్లకు చివర్లోనే వెళ్లాలి.

నీళ్ల సంగతి

తుడవకుండా ఎండకే వదిలేస్తే గీతల బాధే ఉండదు కదా అని కొందరు అడుగుతారు. బోరు నీళ్లతో కడిగే మనకు అది కుదరదు. నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు బాడీ మీదే మిగిలిపోతాయి. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు కరిగిన ఉప్పులు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 వరకు సరిపెట్టుకోవచ్చు. మీ బోరులో 2000 ఉందనుకోండి. కడిగాక కారు మీద అర లీటరు నీళ్లు ఆరిపోతే ఒక గ్రాము ఉప్పు చుక్కలు చుక్కలుగా అతుక్కున్నట్టే. మే నెలలో కాలిపోతున్న బానెట్ మీదైతే అవి నిమిషాల్లో తెల్ల మచ్చలుగా మారతాయి. అలాగే ఉంచితే క్లియర్ కోట్‌లోకి దిగి, షాంపూకి కూడా లొంగవు.

అందుకే తెల్లవారుజామునో, పొద్దు వాలాకో నీడలో కడగండి. చేతి వెనక భాగం బానెట్ మీద ఆనిస్తే వెచ్చగా తగలకూడదు. మున్సిపల్ కుళాయి నీళ్లు దొరికితే కనీసం చివరి బకెట్ అయినా వాటితో పోయండి. ఏసీ నుంచి కారే నీళ్లు ఇంకా మేలు. అవి గాల్లోని తేమే కాబట్టి వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు. పలుచని గుడ్డలో వడకట్టి చివరిసారి పోయడానికి వాడుకోవచ్చు. ఆర్‌వో మిషన్ వదిలేసే వృథా నీళ్లను మాత్రం కారుకు వాడకండి. నీళ్లు దండగ కాకూడదన్న ఆలోచన మంచిదే కానీ, మిషన్ తీసేసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. ఇంటి నేల తుడవడానికి పెట్టుకోండి.

ఏ గుడ్డ?

నా ఓటు మైక్రోఫైబర్‌కే. అయితే ఆ పేరుతో అమ్మేదంతా ఒకటి కాదు. ఇది పాలిస్టర్, పాలిమైడ్ కలిపి నేసిన గుడ్డ. ప్యాకెట్ మీద 80/20 అనో 70/30 అనో ఉండేది ఆ రెండింటి పాళ్లు. మంచి రకంలో ప్రతి పోగునూ మళ్లీ సన్నగా చీలుస్తారు. ఆ చీలికల మధ్య ఖాళీల్లోకి నీళ్లూ చేరతాయి, చిన్న రేణువులూ చేరతాయి. చీల్చని రకం చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ నీటిని పీల్చదు, ముందుకు నెడుతుంది. ఇంట్లోనే పరీక్షించొచ్చు. స్టీలు పళ్లెంలో రెండు చెంచాల నీళ్లు పోసి, నొక్కకుండా గుడ్డను దాని మీదుగా మెల్లగా లాగండి. పళ్లెం పొడిగా మిగిలితే మంచిది. నీళ్లు గుడ్డ ముందు గీతలా పరుగెత్తితే దాన్ని వంటింటికి ఇచ్చేయండి.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో. లోపల డ్యాష్‌బోర్డు తుడవడానికి 300 చాలు. తడి తుడవడానికి రెండు రకాలు బాగుంటాయి. ఒకటి గళ్లు గళ్లుగా ఉండే వాఫిల్ నేత, 400 దగ్గర ఉన్నా నీళ్లు బాగా తీసుకుంటుంది, పిండితే త్వరగా ఆరుతుంది. రెండోది మెలితిప్పిన పోగుల రకం, 1000 దాటి ఉంటుంది. ఒక్క టవల్‌తో చిన్న కారు మొత్తం అయిపోతుంది. కానీ తడిస్తే బాగా బరువెక్కుతుంది, మన వానాకాలం తేమలో రెండు రోజులైనా ఆరక వాసన వేస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు నేను వాఫిల్ రకమే చెబుతాను. 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు ఉన్నవి రెండు తీసుకోండి. అంతకన్నా పెద్దదైతే కొస నేలకు తగులుతుంది. నేలను తాకిన గుడ్డ మళ్లీ ఉతికేదాకా కారు మీదకు రాకూడదు.

కొన్నాక అంచు చూడండి. నైలాన్ దారంతో గట్టిగా కుట్టిన అంచు ఉంటే ఆ భాగం పెయింటుకు తగలకుండా లోపలికి మడిచి వాడాలి. అంచు కుట్టు లేకుండా కత్తిరించిన రకం ఇంకా మంచిది. లేబుల్‌ను కత్తెరతో మొదలుకంటా కోసేయండి. పాత సీడీ ఒకటి ఉంటే దాని మెరిసే వైపు గుడ్డతో, అంచుతో విడివిడిగా పదిసార్లు రుద్ది టార్చి వెలుగులో చూడండి. ఎక్కడ గీత పడిందో ఆ భాగాన్ని కారు మీద వాడకండి.

పాత బనియన్లు, లుంగీలు, టర్కీ టవల్? శుభ్రమైన మెత్తని నూలు గుడ్డ అంత చెడ్డదేమీ కాదు. కాకపోతే బనియన్‌కు కుట్లుంటాయి, లుంగీ నీళ్లను అంతగా పీల్చదు కాబట్టి రుద్దాల్సి వస్తుంది, రుద్దడంలోనే గీత పడుతుంది. అత్యవసరమైతే టర్కీ టవల్ వాడండి, అదీ అద్దడానికి మాత్రమే. పెట్రోలు బంకుల దగ్గర అమ్మే పసుపు గుడ్డ మాత్రం పెయింటుకు వద్దు.

గొర్రె తోలుతో చేసే షామీ, దాని బదులుగా వచ్చిన పీవీఏ (ఒక రకం సింథటిక్) షామీ నీళ్లు బాగా పీలుస్తాయి. అయితే రెండూ చదునుగా ఉంటాయి. రేణువు లోపలికి దిగడానికి నూగు ఉండదు, పెయింటుకూ షామీకీ మధ్యే ఇరుక్కుంటుంది. అద్దాలకు ఉంచుకోండి. చేత్తో పట్టుకుని నీళ్లు లాగే రబ్బరు, సిలికాన్ వైపర్ల విషయమూ అంతే. అద్దం మీద బాగుంటాయి, బాడీ మీద ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసుకుంటూ పోతుంది.

చేత్తో పట్టుకునే కరెంటు బ్లోయర్ కొనగలిగితే కొనండి. పెయింటును అసలు తాకకుండా తడి తీసే పరికరం అదొక్కటే. సైడ్ అద్దాల సందులు, హ్యాండిళ్లు, గ్రిల్, నంబర్ ప్లేటు, వీల్ నట్లు వీటిలో దాక్కున్న నీళ్లు కారు తుడిచేసిన పావుగంటకు చారలుగా కారతాయి. బ్లోయర్‌తో ముందే తరిమేయొచ్చు. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకండి, వైరు నీళ్లలో పడకుండా చూసుకోండి. పంక్చర్ షాపులో గాలి పట్టించే కంప్రెసర్‌తో మాత్రం వద్దు. అందులోంచి నూనె తుంపర కూడా వస్తుంది.

చేసే పద్ధతి

పైపు మూతికున్న నాజిల్ తీసేయండి. నీటి ఒత్తిడి తగ్గించి, పైపును కారు టాప్‌కు (పైకప్పుకు) దగ్గరగా పట్టుకుని మెల్లగా పారనివ్వండి. చుక్కలుగా నిలిచిన నీళ్లు పారే నీటితో కలిసి ఒక పొరలా జారిపోతాయి. మైనపు పూత బాగున్న కారు మీద ముప్పాతిక వంతు తడి ఇక్కడే పోతుంది. ఇక గుడ్డకు మిగిలే పని తక్కువ. పని తక్కువైతే గీతలూ తక్కువే.

ఇప్పుడు గుడ్డను పూర్తిగా విప్పి, రెండు మూలలూ రెండు చేతులతో పట్టుకుని బానెట్ మీద పరవండి. అరచేతులతో పైనుంచి మెత్తగా అద్దండి. పసిబిడ్డకు నీళ్లు పోశాక ఒళ్లు ఎలా తుడుస్తామో అలా, రుద్దకుండా. ఎత్తి, పక్కన పరిచి మళ్లీ అద్దండి. లాగాల్సి వస్తే దాని బరువుతోనే, ఒకే దిశలో, కారు పొడవునా లాగండి. గుండ్రంగా తిప్పకండి. ముందు టాప్, తర్వాత అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం. తలుపుల కింది భాగానికి రెండో గుడ్డ. తలుపు తీసి లోపలి అంచులకు, చక్రాలకు మూడోది, ఏ పాతదైనా ఫర్వాలేదు. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి పట్టిన ఆ గుడ్డ మళ్లీ బాడీ మీదకు రాకుండా వేరే రంగుది పెట్టుకోండి. చివర్లో కారును నెమ్మదిగా వీధి చివరిదాకా నడిపి రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే డిస్కుల తడి ఆరుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి ఇది మానకండి.

గుడ్డలను బండకేసి బాదొద్దు, నూలు బట్టలతో కలిపి ఉతకొద్దు. నూలు నూగు పోగుల్లో చిక్కుకుంటుంది. లిక్విడ్ సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో పిండండి. బట్టలు మెత్తబడడానికి పోసే లిక్విడ్ తగిలితే పోగుల మీద పూతలా పేరుకుని గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. ఇస్త్రీ అసలే వద్దు. దండెం మీద వీధి దుమ్ముకు కాకుండా ఇంట్లో ఫ్యాను కింద ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

అపార్ట్‌మెంటులో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే కుర్రాడుంటే అతన్ని కోప్పడి లాభం లేదు. గుడ్డ మనమే ఇవ్వాలి. “అబ్బయా, బాడీ వరకు ఈ గుడ్డతోనే తుడువు. చక్రాలకు నీది వాడుకో. పొద్దున్నే పొడి దుమ్ము మీద మాత్రం గుడ్డ వేయబాక, నీళ్లు పోసినాకే” అని నెమ్మదిగా చెబితే వింటారు. సర్వీసింగ్ షెడ్డుకు వెళ్లినా మీ గుడ్డ మీరే తీసుకెళ్లండి.

ఈ వారం అభ్యాసం: తుడవడం మొదలుపెట్టకముందే బానెట్ మీద జానెడు చోటును ఫోన్ టార్చి పక్కనుంచి పట్టి ఫొటో తీసి పెట్టుకోండి. ఇక నుంచి కడిగిన ప్రతిసారీ అదే చోట, అదే వెలుగులో ఇంకో ఫొటో. కొత్త గీత కనబడితే ముందు గుడ్డ అంచు, ఆ తర్వాత మీ చేతి ఒత్తిడి చూసుకోండి. వచ్చే పాఠంలో బోరు నీళ్ల మరకలు తీయడం నేర్చుకుందాం. దానికి తెల్ల వెనిగర్ ఒక సీసా, స్ప్రే బాటిల్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.