ఫైబర్ బకెట్ సీటును ఒంటికి కుదుర్చుకోవడం

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫైబర్ బకెట్ సీటును (రేసు కార్లలో ఒంటిని రెండు వైపులా పట్టి ఉంచే గట్టి సీటు) నా పాత మారుతీ ఎస్టీమ్ కారుకు బిగించి, నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లొచ్చేసరికి ఎడమ తొడ కమిలిపోయింది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ సీటు అంచు గుచ్చుకుంది. నడుము దగ్గరేమో రెండు వేళ్లు దూరేంత సందు. మర్నాడే గ్రైండర్ తీస్తే మా బావ ఆపాడు. "ముందు ఎక్కడ తగులుతుందో చూసుకో బావా, కోసుడు ఎప్పుడైనా ఉంటది" అన్నాడు.

చూసుకోవడానికి ముగ్గు పిండి చాలు. సీటు కవర్, స్పాంజీ తీసేసి, పిండిని నీళ్లలో కలిపి లోపలంతా పలచగా పూసి ఆరనివ్వండి. నల్ల ప్యాంటు వేసుకుని, బెల్టు బిగించి, పావుగంట స్టీరింగ్ తిప్పుతూ క్లచ్ తొక్కుతూ కూర్చోండి. లేచాక పిండి పూర్తిగా పోయిన చోట ఒత్తుకుంటున్నట్టు, చెదరకుండా ఉన్న చోట సందు ఉన్నట్టు. రెండింటినీ స్కెచ్ పెన్నుతో గీయండి.

సందుకు మెత్తటి స్పాంజీ వద్దు. గతుకుల్లో అది అణిగిపోయి బెల్టు వదులవుతుంది. గట్టి ఈవీఏ షీటును (చెప్పుల అడుగుకు వాడే లాంటి ఫోమ్) పొరలుగా పెట్టి, అంచులు ఏటవాలుగా చెక్కండి. ముందు టేపుతోనే అంటించి వారం నడపండి. నాకు కుడివైపు మూడు పొరలు, ఎడమవైపు రెండే పట్టాయి.

సీటు మీద ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సమాఖ్య) స్టిక్కర్ ఉంటే ఇక్కడితో ఆగండి. కోసినా, రంధ్రం వేసినా రేసులకు అది పనికిరాదు. లేకపోతే తొడ దగ్గరి అంచును అర అంగుళం చొప్పున కోసి, కూర్చుని చూడండి. బెల్టు రంధ్రాలు, బోల్టుల చుట్టుపక్కల మాత్రం గ్రైండర్ పెట్టకండి. మాస్కు, కళ్లద్దాలు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి.

మడత అంచే సీటుకు బలం, కాబట్టి కోసిన చోట దాన్ని తిరిగి కట్టాలి. 80 నంబర్ ఎమ్రీతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, వెనుక నుంచి రెజిన్‌తో తడిపి రెండు పొరల ఫైబర్‌గ్లాస్ మ్యాట్ వేయండి. పాలిస్టర్ రెజిన్‌లో ముందు కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రావణం) బాగా కలిపాకే హార్డ్‌నర్ పోయాలి. కోబాల్ట్, హార్డ్‌నర్ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి. మన నల్లగొండ ఎండల్లో రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. నేను తెల్లారి ఆరింటికి, కొంచెం కొంచెంగా కలుపుకుని చేశాను.

ఒక రోజు ఆరాక అంచు నునుపు చేసి, 8.8 మార్కున్న ఎనిమిది ఎంఎం బోల్టులతో సీటు బిగించండి. వంద కిలోమీటర్లు తిరిగాక వాటికి మళ్లీ ఒకసారి స్పానర్ వేయండి.