ఒకే సర్వర్‌లో రెండు సైట్లు, ఉమ్మడి క్యాష్: 4వ పాఠం

గత పాఠంలో ఒక అప్లికేషన్‌కు రెడిస్‌ను, అంటే తరచుగా కావలసిన డేటాను మెమరీలో దాచి (క్యాష్ చేసి) వెంటనే అందించే సాఫ్ట్‌వేర్‌ను, జోడించాం. ఇప్పుడు అదే సర్వర్ మీదికి ఇంకో అప్లికేషన్ వచ్చి చేరింది. ఒకటి తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జికి గదుల బుకింగ్ సైటు, పీహెచ్‌పీలో రాసింది. రెండోది కాణిపాకం, శ్రీకాళహస్తి, చంద్రగిరిలకు కార్లు తిప్పే ట్రావెల్స్ సైటు, పైథాన్‌లో రాసింది. 6379 పోర్టులో నడిచే ఒకే రెడిస్‌ను రెండూ వాడుకోవాలి.

నేను మొదటిసారి ఇలా కలిపినప్పుడు లాడ్జి సైటులో 101వ గది తెరిస్తే కాణిపాకం వెళ్లే కారు వివరాలు వచ్చాయి. రెండు సైట్లూ ‘బుకింగ్:101’ అనే పేరుతోనే దాచుకుంటున్నాయి మరి. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇద్దరికి ఒకే నంబరు టోకెన్ ఇచ్చినట్టయింది. రెడిస్ టోకెన్ నంబరే చూస్తుంది, కాళ్లు చూడదు.

కాబట్టి మొదటి పని, ప్రతి పేరుకూ ఇంటిపేరు తగిలించడం: ‘లాడ్జి:బుకింగ్:101’, ‘ట్రావెల్స్:బుకింగ్:101’. నిజంగా టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడండి. దాదాపు అన్ని క్యాష్ లైబ్రరీల్లోనూ ఈ ఉపసర్గను (ప్రిఫిక్స్) ఒక్క సెట్టింగుతో పెట్టవచ్చు.

రెడిస్‌లో 0 నుంచి 15 వరకు పదహారు డేటాబేసులు ముందే ఉంటాయి కదా, చెరొకటి ఇస్తే సరిపోదా అని అడగవచ్చు. పేర్ల గొడవ తీరుతుంది. ‘ఫ్లష్‌డీబీ’ కొడితే ఒక్కటే ఖాళీ అవుతుంది. కానీ ‘ఫ్లష్‌ఆల్’ కొడితే పదహారూ పోతాయి. అంతకంటే ముఖ్యం, మెమరీ పరిమితి అన్నిటికీ కలిపి ఒకటే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘మాక్స్‌మెమరీ’ 256 ఎంబీ అనీ, నిండితే చాలాకాలంగా ఎవరూ ముట్టనివి తీసేయమనీ పెట్టామనుకోండి. బ్రహ్మోత్సవాల రద్దీలో ట్రావెల్స్ సైటు వెతుకులాట ఫలితాలతో ఆ చోటంతా నింపేస్తుంది. రెడిస్ పాతవాటిని బయటకు నెడుతుంది. వాటిలో లాడ్జి సైటు లాగిన్ సెషన్లు (ఎవరు లాగిన్ అయి ఉన్నారో గుర్తుంచుకునే వివరాలు) కూడా ఉండవచ్చు. కౌంటరులోని గుమాస్తా సగం బుకింగ్‌లో ఉండగా సైటు మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అతడు తిట్టేది మనల్నే. పోతే మళ్లీ తయారు చేసుకోగలిగినవే ఉమ్మడి క్యాష్‌లో ఉంచండి. సెషన్లకు 6380 పోర్టులో వేరే రెడిస్ నడపండి; అందులో దేన్నీ తీసేయకుండా ‘నోఎవిక్షన్’ పెట్టండి. రెండో రెడిస్‌కు అయ్యే అదనపు భారం చాలా తక్కువ, పిసినారితనం వద్దు.

నిజంగా పంచుకోదగినవీ ఉన్నాయి. ఊళ్ల జాబితా, దూరాలు, కారు అద్దెలు రెండు సైట్లకూ కావాలి. వాటిని ‘ఉమ్మడి:’ కింద పెట్టండి. రాసే హక్కు ట్రావెల్స్‌కే, లాడ్జి చదువుకుంటుందంతే. డేటాను దాచడానికి వీలుగా పీహెచ్‌పీ తన పద్ధతిలో మార్చింది (సీరియలైజ్) పైథాన్‌కు, పైథాన్ తన పద్ధతిలో మార్చింది (పికిల్) పీహెచ్‌పీకి అర్థం కావు. అందుకే ఇవి రెండు భాషలూ చదవగల జేసన్ రూపంలోనే ఉండాలి.

ఈ హద్దులను మాటతో వదలకండి. 2020లో వచ్చిన రెడిస్ 6 నుంచి ఏసీఎల్ (ఏ యూజరు ఏ పేర్లను, ఏ ఆదేశాలను వాడవచ్చో చెప్పే జాబితా) ఉంది. సైటుకొక యూజరును చేసి, తన ఉపసర్గ ఉన్న పేర్లనూ ‘ఉమ్మడి:’ పేర్లనూ మాత్రమే ముట్టనివ్వండి (‘లాడ్జి:*’ లాంటి నమూనాతో; నక్షత్రం అంటే ఆ తర్వాత ఏదైనా అని), ‘ఫ్లష్‌ఆల్’ను తీసేయండి.

అభ్యాసం: ఇద్దరు యూజర్లను చేయండి. లాడ్జి యూజరుగా ‘ట్రావెల్స్:బుకింగ్:101’ చదవబోతే ‘నోపెర్మ్’ అనే తిరస్కారం రావాలి. డేటా వచ్చిందంటే ఉపసర్గ చివర నక్షత్రం గుర్తు ఎక్కడ పెట్టారో చూసుకోండి. కారు అద్దె మారినప్పుడు పాత ధరను ఎవరు చెరపాలన్నది 5వ పాఠంలో.